మా ఇంటికి సబ్‌వూఫర్ వచ్చిన కథ

మా ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా మూడు రోజుల్లో తేలిపోతుంది. ఫ్రిజ్ అయినా, గ్రైండర్ అయినా, మా అత్తయ్యగారి మంచమైనా అంతే. ఈ సబ్‌వూఫర్ మాత్రం రెండు నెలలు మా తలలు తినేసింది. "సబ్‌వూఫర్ అంటే ఏంటండీ?" అని మీలో చాలామంది అడుగుతారని తెలుసు. "పెళ్లి ఊరేగింపుల్లో గుండెల మీద గుద్దినట్టు మోగుతుందే, ఆ పెద్ద డబ్బా" అంటే టక్కున గుర్తుపడతారు. ఆ డబ్బాకి ఇంకో పని కూడా ఉంది. పాడే మనిషి గొంతుకి చోటివ్వడం. మా ఇంట్లో ఆ రెండో పని కోసమే కొన్నాం. ఆడవాళ్లకి ఈ విషయాలెందుకులే అని మనమూ పట్టించుకోం, మగవాళ్లూ చెప్పరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది రాజమండ్రి. మా ఆయన పగలు ఉద్యోగం చేస్తారు, సాయంత్రాలు కీబోర్డు వాయిస్తారు. మా మరిది ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ వాయిస్తాడు. మా తోటికోడలు పాడుతుంది. ఇంకో ఇద్దరు కుర్రాళ్లున్నారు, ఒకడు డోలక్, ఇంకొకడు మగ గొంతు పాటలూ మిక్సరూ చూసుకుంటాడు. ఇదీ మా ట్రూపు. పెద్ద పెద్ద రిసెప్షన్లకి మమ్మల్ని ఎవరూ పిలవరు. సీమంతాలు, బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు, కార్తీక వనభోజనాలు, ఇవే మావి. మా ఆయనకి ఇది సరదా కానీ, మా మరిది ఇల్లు గడిచేది సగం దీని మీదే. అడ్వాన్సులు, ఆటో ఖర్చులు, ఎవరికెంత వాటా అనేది రాసే లెక్కల పుస్తకం నా దగ్గరుంటుంది.

ఉన్న సామాను తక్కువే. స్టాండ్ల మీద పెట్టే 12 అంగుళాల స్పీకర్ బాక్సులు రెండు, ఒక మిక్సరు, నాలుగు మైకులు. ఆరేళ్లుగా వాటితోనే నెట్టుకొచ్చాం.

పోయిన ఏడాది నుంచి మా తోటికోడలి గొంతు బొంగురుపోవడం మొదలైంది. ప్రోగ్రాం అయిన మర్నాడు మాట కూడా పెగిలేది కాదు. మిరియాల పాలు, కరక్కాయ, అతిమధురం అన్నీ అయ్యాయి. చివరికి చెవి ముక్కు గొంతు డాక్టరుగారికి చూపిస్తే, స్వరతంతువుల మీద చిన్న చిన్న బుడిపెలు మొదలవుతున్నాయన్నారు. కొన్నాళ్లు గొంతుకి విశ్రాంతి ఇవ్వాలి, కొన్ని వ్యాయామాలు చేయాలి, అన్నిటికంటే ముఖ్యం అరిచి పాడకూడదు అని చెప్పారు. "నేనెక్కడ అరుస్తున్నానక్కా, మామూలుగానే పాడుతున్నాగా" అంది అది బయటికొచ్చాక. దాని కళ్లలో నీళ్లు చూసి నాకు గుండె కలుక్కుమంది. చిన్నప్పటి నుంచి సంగీతం నేర్చుకున్న పిల్ల. ఆ గొంతు పోతే పోయేది పాటొక్కటే కాదు, వాళ్ల ఇంటి సగం రాబడి కూడా.

అది చెప్పింది నిజమే. తను అరుస్తున్నట్టు తనకే తెలియదు. చుట్టూ మోత ఎక్కువైతే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు 1911లోనే ఈ సంగతి గమనించి రాశాడట, అందుకే దీన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. మిక్సీ తిరుగుతుంటే మనం పక్కగదిలో పిల్లల్ని ఎలా కేకేస్తామో గుర్తు తెచ్చుకోండి. మిక్సీ ఆగాక కూడా రెండు మాటలు అదే గొంతుతో వస్తాయి!

మరి స్టేజీ మీద దాని గొంతుని తొక్కేస్తున్నది ఏమిటి? మిక్సర్ చూసుకునే కుర్రాడు ఒకరోజు మా డాబా మీద రిహార్సల్‌లో చూపించాడు. ముందు దాని గొంతొక్కటే వినిపించాడు. తేనెలా ఉంది. తర్వాత ప్యాడ్స్, కీబోర్డు ఎడమచేతి వాయింపు కలిపాడు. అంతే, ప్యాడ్ మీద దెబ్బ పడినప్పుడల్లా దాని గొంతు ఒక్క క్షణం లోపలికి వెళ్లి బయటికొస్తోంది. అక్షరాలు నలిగిపోతున్నాయి.

కారణం ఇదీ. బాక్సులో ఉండే పెద్ద కోనే ప్యాడ్ దెబ్బకి ముందుకీ వెనక్కీ ఊగాలి. ఆ ఊగుతున్న కోను మీంచే గొంతు కూడా రావాలి. పైగా బాక్సు కాలిపోకుండా లోపల లిమిటర్ అని ఒకటుంటుంది. దెబ్బ గట్టిగా పడితే అది నొక్కేస్తుంది. దెబ్బతో పాటు గొంతూ నలుగుతుంది. ఒకే మూకుట్లో పోపూ పాయసమూ కలిపి చేయడమన్నమాట. రెండూ చెడతాయి. "పోపుకి వేరే మూకుడు కావాలొదినా, దాని పేరే సబ్‌వూఫర్" అన్నాడు మా మరిది. నాకు వంటింటి భాషలో చెప్తే త్వరగా ఎక్కుతుందని వాడికి తెలుసు.

మన చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినపడుతుంది. ఆడవాళ్ల మాట సుమారు 200 దగ్గర ఉంటుంది, పాడేటప్పుడు ఇంకా పైకి వెళ్తుంది. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్. డ్రమ్ సెట్లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము గుద్దు 50 నుంచి 80 మధ్య. సబ్‌వూఫర్ సుమారు 100 కిందున్నదంతా తను తీసుకుంటుంది. పైదంతా స్టాండ్ల మీదున్న బాక్సులకి వదిలేస్తుంది. ఆ గీత గీసే చోటుని క్రాసోవర్ అంటారు. అంటే మా తోటికోడలి గొంతులో ఒక్క ముక్క కూడా సబ్‌వూఫర్లోకి వెళ్లక్కర్లేదు. బరువు మోసేవాడు పక్కన దొరికాడు కాబట్టి పై బాక్సులు గొంతుని హాయిగా పలికిస్తాయి.

ఇంతవరకూ అందరం ఒకే మాట మీదున్నాం. ఏది కొనాలి అన్న దగ్గర ఇల్లు మూడు ముక్కలైంది.

మా మరిదికి 18 అంగుళాలది కావాలి. "ఒకసారి కొంటున్నాం వదినా, పెద్దదే కొందాం. నలుగురిలో పరువుండాలి" అన్నాడు. మా ఆయన మధ్యేమార్గంగా 15 అన్నారు. మిక్సర్ కుర్రాడు 12 అన్నాడు కానీ చిన్నవాడు కదా, ఎవరూ వినిపించుకోలేదు. డబ్బు మాత్రం నా చీటీ డబ్బు. అమ్మాయి ఇంటర్ అయ్యాక పనికొస్తుందని నాలుగేళ్లుగా కడుతున్న చీటీని పాడి తీసుకోవాలి. దాంతో ఆఖరి మాట నా దగ్గరికొచ్చింది. నాకు కోన్లూ వాట్లూ తెలియవు. తెలిసినవల్లా మూడు: లెక్కల పుస్తకం, మెట్లు, మా ఆయన నడుము.

ముందు లెక్కల పుస్తకం తీశాను. గడిచిన ఏడాదిలో 38 ప్రోగ్రాములు చేశారు. అందులో 31 హాళ్లలో, అపార్టుమెంటు డాబాల మీద, ఇళ్లలో. 150 మంది మించలేదు. మూడు గుళ్లో భజనలు, వాటికి సబ్‌వూఫర్ అవసరమే లేదు. ఆరుబయట మైదానంలో పెద్ద జనం మధ్య చేసినవి నాలుగంటే నాలుగు. "నాలుగు రోజుల కోసం పెద్దది కొని 31 రోజులు మోస్తారా, 31 రోజులకి సరిపడేది కొని నాలుగు రోజులు పెద్దది అద్దెకి తెస్తారా?" అని అడిగాను. మా మరిది మొహం ముడుచుకున్నాడు కానీ పుస్తకంతో వాదించలేకపోయాడు.

తర్వాత మెట్లు. ఆ 31లో 19 చోట్ల పై అంతస్తు, లిఫ్టు లేదు. లిఫ్టున్న చోట కూడా సామానుకి ఇవ్వరు, వాచ్‌మన్ ఒప్పుకోడు. ఇక బరువు చూద్దాం. ఆంప్లిఫయర్ లోపలే ఉండే 12 అంగుళాల సబ్‌వూఫర్లు, అంటే క్యూఎస్‌సీ కేఎస్112, యమహా డీఎక్స్‌ఎస్12 లాంటివి, 30 కిలోలకి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. 30 కిలోలంటే ఎంతో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో నిండు గ్యాస్ బండ. లోపల గ్యాస్ 14.2 కిలోలు, బండ బరువు మరో 15, 16 కిలోలు. ఇద్దరు పట్టుకుంటే రెండో అంతస్తుకి తీసుకెళ్లొచ్చు. 18 అంగుళాలవి 35 నుంచి మొదలై, గట్టి చెక్కతో చేసిన మంచివి 45 కిలోలు దాటిపోతాయి. అంటే బండన్నర. పైగా ఆకారం పెద్దది, మెట్ల మలుపులో తిరగదు.

ఇక నడుము. మా ఆయనకి మూడేళ్ల క్రితం డిస్కు నొప్పి వచ్చి ఇరవై రోజులు మంచం దిగలేదు. బరువులు ఎత్తొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆయన మాత్రం ప్రోగ్రాం దగ్గర కుర్రాళ్ల ముందు తగ్గరు. ఎత్తొద్దంటే ఎత్తకుండా ఉండే మనిషైతే నాకింత బాధే లేదు. కాబట్టి ఇద్దరు కుర్రాళ్లు ఆయన్ని పిలవకుండా మోయగలిగిందే మా ఇంటికి సరైన సైజు అని నేను తేల్చుకున్నాను. ఇంకో సంగతి, 12 అంగుళాలది మా పాత కారు వెనకసీటు మడిస్తే పట్టేస్తుంది. పెద్దదైతే ప్రతిసారీ ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి. ఆ కిరాయి ఏడాదికి లెక్కేస్తే మా మరిదే నోరెళ్లబెట్టాడు.

సైజు తేలాక కంపెనీల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. బీఏ తెలుగు చదివిన నేను ప్రబంధాలకైనా ఇంత కష్టపడలేదు. కానీ నాలుగు రోజులు చూశాక కొన్ని ముళ్లు విడిపోయాయి. మీకెప్పుడైనా పనికొస్తాయని చెప్తున్నాను.

పెద్ద అక్షరాల్లో "2000 వాట్లు" అని ఉంటే మురిసిపోకూడదు. అది చాలాసార్లు పీక్ వాట్లు, అంటే కనురెప్పపాటు తట్టుకునే శక్తి. కింద చిన్న అక్షరాల్లో నిలకడగా ఇచ్చేది ఎంతో ఉంటుంది. సగమో, అంతకంటే తక్కువో. పైగా వాట్లు రెట్టింపైనంత మాత్రాన శబ్దం రెట్టింపు కాదు. మూడు డెసిబెల్స్ పెరుగుతుందంతే, కాస్త పెరిగిందే అనిపిస్తుంది. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే సుమారు పది డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్లు వాట్లు కావాలి. కాబట్టి 1000కీ 1200కీ మధ్య తేడా కోసం అదనంగా డబ్బు పోయడం దండగ.

"ఎంత కిందికి పలుకుతుంది" అన్నది కూడా చూసుకోవాలి. ఒక కంపెనీ 45 హెర్ట్జ్ అని రాస్తుంది, ఇంకోటి 38 అని రాస్తుంది. రెండోదే గొప్పదనుకుంటాం. కానీ పక్కన మైనస్ 3 డెసిబెల్స్ దగ్గర కొలిచారా, మైనస్ 10 దగ్గర కొలిచారా అన్నది చూడాలి. మైనస్ 10 అంటే అక్కడికొచ్చేసరికి చెవికి సగమే వినపడుతోందని అర్థం. ఒకరు శేరుతో, ఒకరు సోలతో కొలిచి ఇద్దరూ "నాలుగు" అంటే ఎలా?

మిగతావి మనకి తెలిసిన చూపుతోనే చూశాను. పక్కల చేతిపిడులు లోతుగా ఉన్నాయా, వేళ్లు ఒరుసుకోకుండా పడుతున్నాయా? చక్రాలున్నాయా, అవి గచ్చు మీదే కాకుండా రాళ్ల వాకిట్లో కూడా తిరుగుతాయా? జాలీ కుర్రాడి కాలు తగిలితే సొట్టపోయేంత పల్చనా? పైన స్టాండు కడ్డీ బిగించే రంధ్రం ఉందా? ఇది ముఖ్యం. ఉంటే సబ్‌వూఫరే ఒక స్టాండుకి పీట అయిపోతుంది. మూడు కాళ్ల స్టాండు ఒకటి తగ్గుతుంది, పిల్లలు పరిగెత్తి తన్ని పడేసే భయమూ తగ్గుతుంది. బారసాలల్లో ఆ భయం ఎంతో మీకు తెలుసు.

చూడడానికి విజయవాడ వెళ్లాం. మా తోటికోడల్ని తీసుకెళ్దాం అంటే మా ఆయన "షాపులో దానికేం పని?" అన్నారు. "పెళ్లికూతురు లేకుండా పెళ్లిచూపులా?" అన్నాను. వచ్చింది. షాపతను మమ్మల్ని చూడగానే ఓ డీజే పాట పెట్టి 18 అంగుళాలది మోగించాడు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. మా మరిది కళ్లు మెరిశాయి. "సౌండంటే ఇదీ మేడమ్" అన్నాడు షాపతను. "బావుందండీ. మా చెల్లెలు పాడుతుంది, ఒక మైకు పెట్టండి" అన్నాను.

మా వాళ్ల రిహార్సల్‌లో రికార్డు చేసిన ప్యాడ్స్, కీబోర్డు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాం. దాని మీద అది పాడింది. అదే పాట, అదే మైకు, మూడు సబ్‌వూఫర్లతో. శబ్దం మూడింటికీ ఒకేలా పెట్టించాం, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపించడం చెవి గుణం. ఇంకో పని కూడా చేయించాడు మా మిక్సర్ కుర్రాడు. షాపుల్లో బాక్సుని గోడ మూలకి పెడతారు. మూలకి ఆనిస్తే ఏ సబ్‌వూఫరైనా రెచ్చిపోతుంది. దాన్ని మధ్యకి జరిపిస్తే అసలు రంగు తెలుస్తుంది. జరిపించాం.

నేను కళ్లు మూసుకుని పాటలో మాటలు మాత్రమే విన్నాను. ఒత్తులు తెలుస్తున్నాయా, చివరి అక్షరం మింగుడు పడుతోందా అని. మూడింట్లోనూ గొంతు విడిగా, శుభ్రంగా వచ్చింది. అంటే పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడా గుండెలదరడంలోనే ఉంది కానీ గొంతు తేటదనంలో లేదు. అది పాడడం ఆపి, "అక్కా, నేను మామూలుగానే పాడాను" అంది. ఆ మాటకి మా మరిది మొదటిసారి తన భార్య వైపు చూశాడు. తర్వాత 18 ఊసెత్తలేదు.

12 అంగుళాలది ఒక్కటే కొన్నాం. ఏ కంపెనీదో రాస్తే ప్రచారం అనుకుంటారు, వద్దు. పెద్దదానికి అనుకున్న డబ్బులో మిగిలిన దాంతో ఇంకోటి కొన్నాం, అదే నాకు ఎక్కువ తృప్తి. మానిటర్ బాక్సు. పాడేవాళ్ల కాళ్ల దగ్గర వాళ్ల వైపు తిరిగి ఉండే చిన్న స్పీకరు. ముందున్న బాక్సులు జనం వైపు తిరిగి ఉంటాయి కాబట్టి పాడే మనిషికి తన గొంతు తనకి సరిగ్గా వినపడదు. వినపడకపోతే అరుస్తారు. నిజం చెప్పాలంటే అరుపుకి సూటి మందు మానిటరే. కానీ దాంట్లో వినిపించే గొంతు శుభ్రంగా ఉన్నా, ముందు బాక్సుల్లో నలుగుతుంటే జనం "వినపడట్లేదు, పెంచండి" అంటారు, మళ్లీ మొదటికొస్తుంది. రెండూ కలిస్తేనే పని జరిగింది. పెద్ద సబ్‌వూఫర్ కొనుంటే ఈ మానిటర్‌కి డబ్బుండేది కాదు.

రెండో సబ్‌వూఫర్ కొనాల్సి వస్తే సరిగ్గా అదే మోడల్ కొనాలని కుర్రాడు చెప్పాడు. ఒకేలాంటివి రెండు పక్కపక్కన పెడితే ఆరు డెసిబెల్స్ దాకా కలిసొస్తుంది. ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ పెడితే అందంగా ఉంటుంది కానీ హాల్లో కొన్నిచోట్ల రెండు అలలూ కలిసి గట్టిగా, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుని పల్చగా వినపడుతుంది. అందం కన్నా కలిసుండడం మేలు. తోటికోడళ్ల సామెతలా ఉందని అత్తయ్యగారు ఒకటే నవ్వు.

ఇంటికి తెచ్చాక వాడడం నేర్చుకోవడం ఇంకో చదువు. స్టేజీ చెక్కదైతే దాని మీద పెట్టకూడదు, కింద బోలుగా ఉంటుంది కాబట్టి అదీ మోగుతుంది. నేల మీద పెట్టాలి. మైకులకి మిక్సర్లో "లో కట్" మీట నొక్కాలి. లేకపోతే స్టేజీ మీద అడుగుల చప్పుడు, మైకు పట్టుకున్న చేతి ఒరిపిడి అన్నీ సబ్‌వూఫర్లోకి పోయి గుబగుబలాడతాయి. వెనక ఫేజ్ అని ఒక మీట ఉంటుంది. దాన్ని అటూ ఇటూ మార్చి, ఎటు పెడితే బేస్ నిండుగా వినపడితే అటు ఉంచాలి. ఆన్ చేసేటప్పుడు బాక్సులు ఆఖర్న, ఆపేటప్పుడు ముందు. లేకపోతే "టప్" మని ఒక్క దెబ్బకి చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు.

కరెంటు విషయంలో మాత్రం నేనే కాపలా. పాత హాళ్లలో ఎర్త్ సరిగా ఉండదు. గుయ్యిమని హమ్ వస్తోందని కొందరు ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తారు. మైకు పెదాలకి ఆనించి పాడేది ఆడపిల్ల. దానికి షాకు తగిలితే? అన్నీ ఒకే పాయింటు నుంచి ఇస్తే హమ్ చాలావరకు పోతుంది. ఎర్త్ లేని చోట ప్రోగ్రాం వద్దని చెప్పేశాను, అడ్వాన్సు వెనక్కి ఇచ్చినా సరే.

మొదటి ప్రోగ్రాం ఓ అపార్టుమెంటు మూడో అంతస్తులో సీమంతం. మా ఆయన్ని కీబోర్డు తప్ప ఏదీ ముట్టుకోనివ్వలేదు. కుర్రాళ్లిద్దరూ మధ్యలో ఒకసారి దించుకుని ఎక్కించేశారు. పాటలు మొదలైన అరగంటకి కింద ఫ్లాటావిడ పైకొచ్చింది. "పాటలు బాగున్నాయండీ, కానీ మా మామగారి మంచం అదురుతోంది, ఆయనకి గుండె ఆపరేషనైంది" అని మెల్లగా చెప్పింది. మా కుర్రాడు వెంటనే సబ్‌వూఫర్ ఒక్కటే సగానికి తగ్గించాడు. పాట ఆగలేదు, గొంతు తగ్గలేదు, కింద అదురు తగ్గింది. బేస్‌కి వేరే మీట ఉండటంలోని సుఖం నాకు ఆ రోజు తెలిసింది.

బేస్ అల పొడవు చాలా ఎక్కువ. 50 హెర్ట్జ్ అల సుమారు ఏడు మీటర్లుంటుంది. మన గోడలు, తలుపులు దానికి లెక్కలేదు. హాల్లో కూర్చున్న మనకి ఆనందం, పక్కింట్లో పడుకున్న రోగికి అదురు. చట్టంలో నివాస ప్రాంతాలకి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని, రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా మైకులు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. ఆ డెసిబెల్స్‌ని మన చెవి స్పందనకి తగ్గట్టు సవరించి కొలుస్తారు. ఆ సవరింపులో 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 30 డెసిబెల్స్ తగ్గించి లెక్కేస్తారు. అంటే మీటరులో అంకె మామూలుగా ఉన్నా కింద మంచం అదరొచ్చు. అందుకని మేం మా సొంత పద్ధతి ఒకటి పెట్టుకున్నాం. అపార్టుమెంటైతే మొదలుపెట్టేముందు ఎవరో ఒకరు కింది ఇంటికి వెళ్లి అడిగి రావాలి. సబ్‌వూఫర్ కింద మందపాటి రబ్బరు చాప వేస్తున్నాం, కొంత నయం. రాత్రి తొమ్మిదిన్నరకి మంగళహారతి పాట, పదికల్లా వైర్లు చుట్టేయడం.

కొని అయిదు నెలలైంది. మా తోటికోడలి గొంతు పూర్తిగా నయమైపోయిందని చెప్పను. వ్యాయామాలు చేస్తోంది, నీళ్లు బాగా తాగుతోంది, నెలకి అయిదు ప్రోగ్రాములు దాటి ఒప్పుకోవడం లేదు. మొన్న చూపించుకున్నప్పుడు బుడిపెలు తగ్గుముఖం పట్టాయన్నారు. ఆ ఘనతంతా ఓ డబ్బాకి కట్టబెట్టలేం కానీ, ప్రోగ్రాం అయిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి మామూలు గొంతుతో "అక్కా, ఏం వండుతున్నావ్?" అని అడుగుతోంది. నాకది చాలు.

మొన్న షష్టిపూర్తిలో ముందు వరసలో కూర్చున్న మా అత్తయ్యగారు, "ఇన్నాళ్లూ ఇది బాగా పాడుతుందని తెలుసు కానీ ఏం పాడుతుందో ఇప్పుడు తెలుస్తోందే" అన్నారు. మా మరిది పక్కనే ప్యాడ్స్ సర్దుకుంటూ విన్నాడు. రెండోది కొనడానికి ఇప్పుడు వాడే నెలనెలా నా దగ్గర డబ్బు దాస్తున్నాడు. నిన్న లెక్క చూస్తే మూడో వంతు దాకా వచ్చింది. ముందు నా చీటీ తీరాలి, ఆ తర్వాతే షాపు అని పుస్తకంలో రాసి వాడితో సంతకం కూడా పెట్టించాను.